ఉన్నది ఉన్నట్లు చదువు పిల్లా!

పొద్దున ఆరున్నరకు మా గల్లీలో పేపరు పడుతుంది. ఏడింటికి చాయ్ తాగడం అయిపోతుంది. ఆ వెంటనే మా అత్తమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నేను గద్దె మీద కూర్చుని పేపరు చదవాలి, ఆమె వినాలి. పద్నాలుగేళ్లుగా మా ఇంట్లో ఇదే పద్ధతి.

అత్తమ్మకు ఎనభై రెండేళ్లు. చదువు రాదు. కానీ జిల్లాలో ఏం జరిగిందో ఆమెకు తెలిసినంత మా ఆయనకు కూడా తెలియదు. మొదటి పేజీ మాత్రం వద్దంటుంది. "ఎవలు ఎవల్ని తిట్టుకున్నరో మనకెందుకు పిల్లా, జిల్లా పేజీ తియ్యి" అంటుంది. అందులో ఆమెకు కావాల్సినవి మూడే. వాన పడుతుందా లేదా, ఎనుమాముల మార్కెట్లో మిర్చి క్వింటాల్ ఎంత పలికింది, చనిపోయినవాళ్లలో మనకు తెలిసినవాళ్లున్నారా. మాకు గుంట పొలం కూడా లేదు. అయినా మిర్చి ధర పడిపోయిందని చదివితే ఆ రోజంతా ఆమె మనసు బాగుండదు. వాళ్ల పుట్టింటోళ్లు నర్సంపేట దిక్కు మిర్చి పండించేటోళ్లు మరి!

ఈ పేపరు అలవాటు మా మామయ్య పెట్టింది. ఆయన ఆజంజాహి మిల్లులో పనిచేసేవారు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు అది. దాని సైరన్ మోగితే ఊరంతా గడియారాలు సరిచేసుకునేవారట. 2002లో మూతపడింది. మిల్లు ఉన్నన్ని రోజులు మామయ్య షిఫ్టు దిగి వచ్చాక, మిల్లు పోయాక పొద్దున్నే, అత్తమ్మకు పేపరు చదివి వినిపించేవారు. 2011లో ఆయన పోయారు. పదకొండో దినం అయిన తెల్లారి అత్తమ్మ పేపరు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. చదవడం మొదలుపెట్టాను.

అట్లాంటి ఆమెకు నేను రెండేళ్లపాటు అబద్ధపు వార్తలు చదివాను. ఎందుకు చదివానో చెప్పాలంటే, మా గల్లీకి పేపరు రాని రోజు సంగతి చెప్పాలి.

తూములోంచి వచ్చిన నీళ్లు

వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిసి ఒకటే ఊరైపోయినా, హన్మకొండలో ఉండే మేం ఇప్పటికీ "వరంగల్ పోయొస్తం" అనే అంటాం. మా ఇల్లు నయీంనగర్ నాలాకు రెండు గల్లీల అవతల. మామయ్య మిల్లు జీతంలో పైసా పైసా కూడబెట్టి కొన్న నూటా ఇరవై గజాల జాగ. మూడు అర్రలు, వంటిల్లు, ముందు చిన్న వాకిలి. వాకిలి పక్క అర్రలో నా కుట్టు మిషన్. మా ఆయన కరెంటు సామాన్ల దుకాణంలో గుమస్తా. ఆయన జీతం ఇంటికి, నా కుట్టు కూలీ చిట్టీకి. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం.

2023 జులైలో ముసురు పట్టింది. 26వ తారీఖు, బుధవారం రాత్రి వాన ఆగలేదు. ఆ ఒక్క రోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 65 సెంటీమీటర్ల దాకా కురిసిందని తర్వాత చదివాం. మా దగ్గర అంత లేదు. కానీ ఎగువ చెరువులు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు దిగి వచ్చేది నాలాలకే కదా.

తెల్లారుజామున నాలుగింటికి బాత్రూంలో గుడగుడమని చప్పుడు. లేచి లైటు వేస్తే, తూములోంచి నల్లటి నీళ్లు ఎదురెక్కి వస్తున్నాయి. వరద అంటే గేటు దగ్గర్నుంచి వస్తుందనుకుంటాం. మా ఇంట్లోకి వెనక నుంచి, మోరీలోంచి వచ్చింది. బట్ట కుక్కాను. ఇటుక పెట్టాను. ఈలోపు వాకిట్లోకీ వచ్చేసింది. అరగంటలో మోకాళ్ల దాకా. కరెంటు మెయిన్ తీసేసి, అత్తమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, మా ఆయన ఒక దిక్కు, ఎదురింటి పిల్లగాడు ఒక దిక్కు పట్టుకుని పక్కింటోళ్ల మేడ మీదికి ఎక్కించారు. "నన్ను ఇడిసిపెట్టి బియ్యం డ్రమ్ము ఎత్తుండ్రి" అని ఆమె దారంతా తిడుతూనే ఉంది.

మేడ మీద పదకొండు కుటుంబాలం. ఒక్క గ్యాసు పొయ్యి. పక్కింటామె తన డబ్బాలో ఉన్న బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లాకు వేసి సర్వపిండి పెట్టింది. ఒక్కో సర్వపిండిని ఆరు ముక్కలు చేసి పిల్లలకు ముందు, ముసలోళ్లకు తర్వాత, మాకు ఆఖరున. ఏడుంబావు అయింది. అత్తమ్మ నా దిక్కు చూసింది.

"పేపరు రాలే?" అంది.

గల్లీలో నడుముల లోతు నీళ్లు పారుతున్నాయి. "రాలేదు అత్తమ్మా" అన్నాను. "గట్లయితే మనమే పేపర్ల పడ్డమన్నట్టు" అంది. అంత బాధలోనూ మేడ మీద అందరూ నవ్వారు.

పదిహేడు జాకెట్లు

రెండో రోజు నీళ్లు తీసిపోయాయి. ఇంట్లో చీలమండల దాకా బురద. ఆ వాసన చెప్పేది కాదు. తొక్కు జాడీలు నాలుగూ బురదనీళ్లతో నిండి ఉన్నాయి. రెండు మామిడికాయ, ఒకటి పండుమిర్చి, ఒకటి చింతకాయ. ఏడాది సరిపోయే తొక్కు. అత్తమ్మ వాటిని పెరట్లో బోర్లించి, ఒక్క మాట మాట్లాడకుండా కడిగింది.

నా మిషన్ మోటరు కాలిపోయింది. అది చిన్న నష్టం. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది గుర్తుందా? ఆగస్టు సగం దాకా ముహూర్తాలు లేవు. నిజ శ్రావణం పెళ్లిళ్ల కోసం నా దగ్గర పదిహేడు జాకెట్లు, ఫాల్ కుట్టాల్సిన తొమ్మిది చీరలు ఉన్నాయి. అన్నీ కింది అరలో. పట్టుచీరల రంగులు ఒకదానికొకటి అంటుకుని, బురద పట్టి, చూస్తే గుండె చెరువైంది. మంది సొమ్ము! నా సొంతవి పోతే అంత ఏడ్చేదాన్ని కాదు.

ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేశాను. "మునిగిన ఊరికి నువ్వేం చేస్తవు అక్కా" అన్నవాళ్లున్నారు. మొత్తం పైసలు కట్టాల్సిందే అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లనూ తప్పనలేను. మూడు జాకెట్లు ఇచ్చిన పెళ్లిపిల్ల తల్లి వచ్చి, గడపలో నిలబడి బురద చూసి, చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గుడ్డ నేనే కొత్తది తెస్త. కుట్టుకూలి మాత్రం ఇయ్య" అంది. ఆ బేరం నాకు ఇప్పటికీ ఇష్టమే. పెళ్లికి నాలుగు రోజుల ముందు మూడూ కుట్టి ఇచ్చాను. అన్నీ లెక్క కడితే ముప్పై ఎనిమిది వేలు. చిట్టీ ఎత్తి కట్టేశాను.

శనివారం, 29న, పోతననగర్ దిక్కు భద్రకాళి చెరువు కట్ట తెగిందని కబురు. మళ్లీ గల్లీ అంతా ఉరుకులు. ఇసుక బస్తాలు వేసి ఆపారు. కానీ ఆ రాత్రి నుంచి అత్తమ్మకు ఒక అలవాటు వచ్చింది. అర్ధరాత్రి మెలకువ వస్తే, మంచం మీద నుంచే చెయ్యి కిందికి జార్చి నేలను తడిమి చూస్తుంది. పొడిగా ఉంటే మళ్లీ పడుకుంటుంది. నేను కళ్లు మూసుకుని నిద్రపోయినట్లు నటిస్తాను.

అప్పటి నుంచే నేను పేపరు మార్చి చదవడం మొదలుపెట్టాను. "అతి భారీ వర్షాలు" అని ఉంటే "అక్కడక్కడ జల్లులు" అనేదాన్ని. "రెడ్ అలర్ట్" అని ఉంటే ఆ వార్తే ఎగ్గొట్టేదాన్ని. పిల్లలకు చేదు మందు తేనెలో కలిపి ఇచ్చినట్లే కదా అనుకున్నాను.

నీళ్లు లేని చెరువు

మా వరంగల్ చెరువుల మీద పుట్టిన ఊరు. కాకతీయులు ఒక చెరువు మత్తడి నీళ్లు ఇంకో చెరువులోకి పారేటట్టు గొలుసుకట్టుగా కట్టారని చిన్నప్పుడు బడిలో చదువుకున్నాం. పై చెరువు నిండితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో దానికి. ఆ నీళ్ల దారి మీద మనం ఇళ్లు కట్టుకున్నాం, మా ఇల్లూ అందులో భాగమేనేమో. పాలంపేటలో రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలుతాయి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రోజు మా గల్లీలో మిఠాయిలు పంచారు. వరద వచ్చిన రాత్రి మేడ మీద మా ఆయన, "ఇటుకలే తేలేటట్టు చేసిన ఊరోళ్లం, మనిల్లు మాత్రం తేలకపాయె" అన్నాడు.

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు నీళ్లన్నీ వదిలేశారు. ఆ వార్త మాత్రం ఉన్నది ఉన్నట్లే చదివాను. చూస్తానని అత్తమ్మ పట్టుబట్టింది. ఆటోలో తీసుకుపోయాం. అమ్మవారి దర్శనం చేసుకుని, బయటికి వచ్చి కట్ట దగ్గర నిలబడింది. నీళ్లుండాల్సిన చోట నెర్రెలిచ్చిన బురద, అక్కడక్కడ మడుగులు, కొంగలు.

"పెండ్లయి అరవై ఏండ్లాయె ఈ ఊరికొచ్చి. చెరువు అడుగు ఎన్నడు సూడలే" అంది. కాసేపాగి, "నీళ్లున్నన్ని దినాలు భయపడితి. నీళ్లు లేకుంటె ఇంక భయమైతాంది" అంది.

ఆ రోజు వచ్చేటప్పుడు హన్మకొండ చౌరస్తాలో ఆమెకు ఇష్టమని మిర్చి బజ్జీలు కట్టించుకున్నాం. ఇంటికి రాగానే కొడుకు ఫోన్.

వాడు ఏడాదిగా ఒకటే పాట. ఇల్లు అమ్మేద్దాం, అందరూ హైదరాబాద్ వచ్చేయండి. వాడి భయం వాడిది. నాలా బాగుచేస్తున్నారు, వంతెన కొత్తది కట్టారు అని మేం చెప్పినా వాడికి నమ్మకం కుదరలేదు. బ్రోకరును అడిగితే, "మునిగిన గల్లీ కదమ్మా" అంటూ గజానికి నాలుగో వంతు తగ్గించి చెప్పాడు. నేను మనసులో సరే అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెప్తున్నాను. మళ్లీ ఆ బురద ఎత్తే ఓపిక నాకు లేదు. మళ్లీ పదిహేడు మందికి ఫోన్ చేసే ముఖం కూడా లేదు.

అత్తమ్మ మాత్రం మనవడితో ఫోన్లో, "హైదరాబాదుల నీళ్లు రావా బిడ్డా? 2020ల మీ గల్లీల పడవలు తిరగలేదా?" అని నోరు మూయించింది. ఏడాది సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ వార్తలన్నీ చదివి వినిపించింది నేనే మరి.

తుఫాను కబురు

2025లో ఊరికి మంచి వార్తలే ఎక్కువ వచ్చాయి. మామునూరు విమానాశ్రయానికి కేంద్రం అనుమతి ఇచ్చింది. మన చపాట మిర్చికి భౌగోళిక గుర్తింపు దక్కింది. టమాటలాగా గుండ్రంగా, ఎర్రగా ఉండి కారం తక్కువుండే మిర్చి అది. ఆ వార్త రెండుసార్లు చదివించుకుంది అత్తమ్మ. "మా నాయిన పండించిన కాయకు పేరొచ్చిందా!" అని పక్కింటికి పోయి మరీ చెప్పి వచ్చింది. సద్దుల బతుకమ్మకు నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముద్దలు చేసుకుని పద్మాక్షి గుట్టకు పోయి వచ్చాం. దీపావళి కూడా పొడిగానే పోయింది.

అక్టోబరు 28, మంగళవారం. పేపరు నిండా మొంథా తుఫాను. ఆ రాత్రికి తీరం దాటుతుందని, మన జిల్లాలకూ భారీ వాన ఉందని. నేను గొంతు సవరించుకుని, "కాకినాడ దిక్కు పోతదట అత్తమ్మా, మనకేం లేదు" అని పేజీ తిప్పాను.

ఆమె పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నాకు చదువు రాకపోవచ్చు గని, నీ గొంతు చదవొస్తది. రెండేండ్ల సంది జల్లులు జల్లులు అని చదువుతున్నవు. జల్లులన్న రోజల్లా నువ్వు కుట్టు బట్టలు పై అరల సర్దుతున్నవు. మీ మామ ఉన్నప్పుడు మిల్లు మూతపడే కబురు కూడ ఉన్నది ఉన్నట్లు చదివిండు. ఆయన జీతం పొయ్యే కబురది. ఉన్నది ఉన్నట్లు చదువు పిల్లా!"

సిగ్గుతో తల వంచుకుని మొదటి నుంచి చదివాను. ఒక్క అక్షరం వదలకుండా. ఆమె విన్నది. లేచింది. "జాడీలు మీద పెట్టు. డ్రమ్ము బల్ల మీదికి ఎక్కించు. నా మందులు సంచిల ఎయ్యి" అని వరసగా చెప్పింది. భయపడి ముడుచుకుపోతుందని నేను దాచిన మనిషి, కబురు తెలిసేసరికి ఇంటికి మేస్త్రీ అయింది.

సాయంత్రానికి ఇల్లంతా సిద్ధం. ఇంటి కాగితాలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు పాలిథిన్ కవర్లో చుట్టి అటక మీద. మిషన్ బల్ల మీద. బాత్రూం తూముకు గుడ్డ చుట్టిన చెక్క బిరడా, దాని మీద ఇసుక సంచి. ఇవి మీకూ పనికొస్తాయని చెప్తున్నా. లోతట్టులో ఉన్నవాళ్లు నీళ్ల కోసం గేటు దిక్కే చూడకండి, తూము దిక్కు కూడా చూడండి.

29, బుధవారం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే వాన. భీమదేవరపల్లి దిక్కు 40 సెంటీమీటర్లు దాటింది. డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగి రైళ్లు ఆగిపోయాయి. మా గల్లీలో నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి, రెండో మెట్టు ఎక్కాయి, మూడో మెట్టు దగ్గర ఆగాయి. గడపకు నాలుగు వేళ్ల కింద. నేను, అత్తమ్మ గడపలో కూర్చుని టార్చి వేసి ఆ మెట్టునే చూస్తూ రాత్రి గడిపాం.

కానీ సమ్మయ్యనగర్ మునిగింది. మా ఆడబిడ్డ వాళ్లు ఉండేది అక్కడే, కిరాయి ఇల్లు. రాత్రి పదకొండుకు ఐదుగురూ తడిసి ముద్దయి, ఒక్క సంచితో మా ఇంటికి వచ్చారు. ఏ ఇంటికి? "మునిగిన గల్లీ" అని బ్రోకరు ధర తగ్గించిన ఇంటికి.

పెసరపప్పు కిచిడీ వండాను. అత్తమ్మ పచ్చిపులుసు పిసికింది. అటక మీద నుంచి పండుమిర్చి తొక్కు జాడీ దించాం. ఆడబిడ్డ చిన్న బిడ్డ మూడుసార్లు పెట్టించుకుని తిన్నది. అందరూ పడుకున్నాక అత్తమ్మ మా ఆయనను పిలిచింది.

"నేనున్నన్ని దినాలు ఇల్లు అమ్మొద్దు. నేను పోయినంక మీ ఇష్టం. నేను మొండికి అంటలేను. మల్ల నీళ్లొస్తయి, నాకెరుకే. మీద ఒక అర్ర ఎయ్యుండ్రి. నీళ్లొస్తె మనం మీదికి పోవాలె, మందింటికి కాదు. మంది వచ్చినా ఇంత జాగుండాలె."

కొంగు ముడిలోంచి రెండు బంగారు గాజులు తీసి చాపింది. మా ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు. ఒకటి మాత్రం తీసుకున్నాం.

మీద నీళ్లు

కొడుక్కి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోడలకు నేను పంపిస్త, స్లాబుకు మీరు చూసుకోండి" అన్నాడు. వాడు ఒప్పుకున్నాడని కాదు. ఇంకో పెద్ద వాన వస్తే మళ్లీ అదే పాట పాడతాడు. నాకూ ఇంకా పూర్తిగా ధైర్యం లేదు. నాలా ఎంత వెడల్పు చేసినా, పైన చెరువులు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు.

2026 జనవరి మొదట్లో స్లాబు పోశాం. సంక్రాంతికి సకినాలు ఆ కొత్త అర్రలోనే. గిలాబు కూడా కాలేదు, కింద సిమెంటు పొడి రాలుతుంటే చాప వేసి, దాని మీద తెల్లబట్ట పరిచి, నేను, ఆడబిడ్డ, పక్కింటామె కూర్చుని చుట్టాం. కొత్త బియ్యం రాత్రి నానబెట్టి, పిండి పట్టించి, నువ్వులు, ఓమ కలిపి, వేళ్ల సందుల్లోంచి చుట్లు చుట్టాలి. అత్తమ్మ వేళ్లు వణుకుతున్నాయి. అయినా ఆమె చుట్టిన సకినం విరగదు, మావి విరుగుతాయి. మేడారం జాతర ఆ నెలాఖరుకే కాబట్టి తీసుకుపోవడానికి ఇంకో రెండు డబ్బాలు ఎక్కువే చేశాం.

స్లాబు గట్టిపడాలంటే నీళ్లు నిలబెట్టాలి కదా. మేస్త్రీ స్లాబు మీద సిమెంటుతో చిన్న చిన్న మడులు కట్టాడు. రోజూ పొద్దున, సాయంత్రం మా ఆయన పైపుతో నింపుతున్నాడు. మొన్న పేపరు చదువుతుంటే పైపులోంచి నీళ్లు ఎక్కువై, స్లాబు అంచు మీద నుంచి వాకిట్లోకి ధారగా పడ్డాయి. పేపరు సగం తడిసింది.

అత్తమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుని, పైకి చూసి, "చూడు పిల్లా, మనిల్లు కూడ మత్తడి దుంకవట్టె" అని పడిపడి నవ్వింది.

తడిసిన పేజీ విడదీశాను. వాన లేదు. మిర్చి ధర కొంచెం పెరిగింది. చనిపోయినవాళ్లలో మామయ్యతో మిల్లులో పనిచేసిన ఆయన ఫొటో ఉంది. ఆమెకు బాధ కలుగుతుందని తెలుసు. అయినా పేరు, ఊరు, వయసుతో సహా మొత్తం చదివాను.